బ్యారన్ దిగేదాకా

1 జనవరి 1976, గురువారం

పొగాకు కొనే కంపెనీవాళ్ళు బావగారికి రెండు డైరీలిచ్చారు. ఒకటి నా చేతిలో పెట్టి, "పాల లెక్క రాసుకో అమ్మాయ్" అన్నారు. పాల లెక్కకి వంటింటి గోడ చాలు. ఇది నాది. ఇందులో పాలూ పెరుగూ ఉండవు.

మాట్లాడటానికి మనిషి దొరక్క చచ్చిపోతున్నాను. అత్తయ్య మాట్లాడతారు గానీ ఆవిడ మాట్లాడితే నేను వినడమే. ఈయన పొద్దున పొలానికి వెళ్తే పొద్దుగూకాక వస్తారు, వచ్చినా పొగాకు కబుర్లే. ఇటు చూస్తే గోదావరి, అటు చూస్తే అడవి. పెళ్ళయి నాలుగేళ్ళయినా నాకీ చోటు అలవాటు కాలేదు. గుడివాడ దగ్గర ఐదెకరాలమ్మిన డబ్బుకి ఇక్కడ యాభై ఎకరాలొచ్చాయని బావగారు ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతారు. ఆ యాభై ఎకరాల్లో ఒక్క సినిమా హాలు లేదు.

4 జనవరి

కంపెనీ మనిషి ఆకు చూసి మెచ్చుకున్నాడు. ఈ విత్తనం అమెరికాలో వర్జీనియా నుంచి వచ్చిందని చెప్పాడు. నాకు తెలుసు. పి.యు.సి.లో చదివాను. ఆ దేశంలో ఉత్తరాన ఫ్యాక్టరీలు, దక్షిణాన పత్తీ పొగాకూ. అందుకని అక్కడ బానిసలు. బానిసత్వం రద్దు కావడానికి కారణాలు వ్రాయుము అంటే ఆరు కారణాలు రాశాను, క్లాసు ఫస్టు వచ్చాను. ఈయనతో చెబితే, "ఆ ఆరు కారణాలు మన ఆకుకి రేటు పెంచుతాయా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది.

మా ఊళ్ళో కూలివాళ్ళు గట్టు మీద నిలబడి, రేటు తేలాకే చేలో దిగుతారు. ఎర్రజెండా వచ్చాక మరీను. ఇక్కడ ఆ గొడవ లేదు. దస్రు, సోమ్లా, తండావాళ్ళు ఇంకొందరు మా దగ్గర జీతానికి ఉన్నారు. జీతమంటే నెలకింత అని ఇచ్చేది కాదు. దస్రు తండ్రి ఎప్పుడో బావగారి దగ్గర అప్పు చేసి పోయాడు. అప్పటి నుంచీ దస్రు ఇక్కడే. తిండి మాదే, గుడ్డ మాదే. ఇంట్లో మనిషిలాగే ఉంటాడు. వాడి పెళ్ళాం హేమ్లి నా పనులు చూస్తుంది. తలకి నూనె రాస్తూ వాళ్ళ భాషలో ఏవో పాటలు పాడుతుంది. నేనంటే ప్రాణం దానికి.

13 జనవరి

సోమ్లా పారిపోయాడు. మణుగూరు బొగ్గు పనులకి పోయుంటాడంటున్నారు. అక్కడ వారం వారం చేతిలో డబ్బు పెడతారట.

16 జనవరి

సోమ్లాని తెచ్చారు. ఎడ్లబండి వెనక తాడుతో కట్టి నడిపించారు, నడవలేనిచోట ఈడ్చారు. మోకాళ్ళ మీద చర్మం లేదు. వాకిట్లో రాటకి కట్టి బావగారు చెర్నాకోలతో కొట్టారు. చెయ్యి నొప్పెట్టాక ఈయనకిచ్చారు. ఈయన నావైపు చూసి లోపలికి పొమ్మని సైగ చేశారు. లోపలికి వెళ్ళాను. కిటికీ దగ్గరికి వెళ్ళాను.

మిగతా జీతగాళ్ళందర్నీ పిలిచి వరసగా నిలబెట్టారు, చూడమని. సోమ్లా మొదట్లో అరిచాడు. తర్వాత అరవలేదు, అదే ఎక్కువ భయమేసింది. బావగారు రోకలి అడిగారు. కారం దంచడానికేమో అనుకుని ఇచ్చాను. దాంతో వాడి కుడికాలి వేళ్ళు చితక్కొట్టారు. ఇక పరుగెత్తడట.

సాయంత్రం పసుపూ ఆముదమూ కలిపి నేనే కట్టు కట్టాను. బావగారు వద్దన్నా కట్టాను. హేమ్లి నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే ఉంది. మా అమ్మ మనసు మంచిది అని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. ఏమీ అనలేదు. వీళ్ళకి చేసినా తెలియదు.

17 జనవరి

రోకలి రెండుసార్లు కడిగించాను. అయినా అత్తయ్య కొత్తది తెప్పించమంటున్నారు.

12 ఫిబ్రవరి

వెట్టి రద్దయిందని రేడియోలో చెప్పారు. అప్పులన్నీ కొట్టేశారట, ఎవర్నీ పనికి పట్టి ఉంచకూడదట. బావగారు రేడియో కట్టేసి, "ఎమర్జెన్సీ గదా, రోజుకోటి చెబుతారు" అన్నారు.

అన్నయ్య ఉత్తరం కూడా ఇవాళే వచ్చింది. ట్రాక్టరు కొన్నాడట. ఇద్దరు పాలేళ్ళని మాన్పించేశాడట. "మీరింకా మనుషుల్ని కట్టేసుకుని సేద్యం చేస్తున్నారా" అని ధర్మాత్ముడిలా రాశాడు. ఆ ట్రాక్టరుకి అప్పిచ్చింది మా బావగారే. మా ఆకు అమ్మిన డబ్బే. తిరుగు టపాలో అదే రాద్దామనుకున్నాను గానీ వదినకి బాధని ఊరుకున్నాను.

17 ఫిబ్రవరి

రెండో బ్యారన్‌కి ఆకు ఎక్కించారు. కొత్తగా వచ్చినప్పుడు నేను దాన్ని కిటికీల్లేని మేడ అనుకున్నాను. కర్రలకి అల్లిన పచ్చాకు లోపల కప్పుదాకా వేలాడదీస్తారు. కింద ఇనప గొట్టాలు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే వేడి గొట్టాల్లోంచి లోపలికి పోతుంది. వారం రోజులు అలా కాగాలి. సెగ తగ్గితే ఆకు నల్లబడుతుంది. ఎక్కువైతే ఎండిన ఆకు రాలి గొట్టం మీద పడి మొత్తం అంటుకుంటుంది.

నిప్పు పెట్టినవాడే ఆకు కాగి బయటికొచ్చేదాకా, అంటే బ్యారన్ దిగేదాకా చూడాలి. ఆ పద్ధతి మా జిల్లాది. దస్రు దాన్ని మాకంటే గట్టిగా పట్టుకున్నాడు. స్నానం చేసి, నెయ్యీ బెల్లమూ ఇంత పొయ్యిలో వేసి, దేవుడికి భోగ్ పెట్టి అప్పుడు నిప్పు ముట్టిస్తాడు. భోగ్ తిన్న నిప్పుని మధ్యలో వదిలితే ఇంటికి కీడని వాడి నమ్మకం. ఇంతవరకూ వాడు చూసిన బ్యారన్ ఒక్కటీ చెడలేదు. అత్తయ్య కూడా ఆ బెల్లం మాత్రం మంచిదే ఇమ్మంటారు.

19 ఫిబ్రవరి

గవర్నమెంటు జీపు వచ్చింది. ఆఫీసరు కుర్రాడే, నా వయసుంటుంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. జీతగాళ్ళందర్నీ వాకిట్లోకి పిలిచి, "ఇష్టంతో ఉన్నారా, అప్పు పేరు చెప్పి ఉంచుకున్నారా?" అని అడిగాడు.

ముందు సోమ్లాని అడిగాడు. "ఇష్టంతోనే ఉన్నం సార్. కాలు మీద మొద్దు పడ్డది" అన్నాడు సోమ్లా, కాలి సంగతి అడగకుండానే.

బావగారు మీసం సర్దుకున్నారు. అప్పుడు దస్రు ముందుకొచ్చాడు.

"అవ్ సార్, ఉంచుకున్నరు. మా నాయిన బాకీకి నన్ను ఉంచుకున్నరు. సోమ్లా కాలు మీద మొద్దు పడలే. రోకలి పడ్డది. మమ్ముల నిలవెట్టి సూపిచ్చిండ్రు."

ఎంత ధైర్యం! నేను కట్టు కట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

"ఇవాళ్టి నుంచి మీరెవరికీ బాకీ లేరు. పోవచ్చు" అన్నాడు ఆఫీసరు. సోమ్లాకి జీపులో చోటిచ్చాడు. మిగతావాళ్ళు దాని వెనక నడిచారు. దస్రు బ్యారన్ వైపే చూస్తున్నాడు. "భోగ్ పెట్టి నిప్పేసిన సార్, ఇంక నాలుగు దినాలుంటది" అన్నాడు. హేమ్లి వాడి చొక్కా పట్టి లాగింది. "ఏంది నువ్వనేది? నడువ్! జల్దీ నడువ్!" అంది. వెళ్ళిపోయారు. వెళ్తూ హేమ్లి నావైపు చూడనైనా లేదు.

పొయ్యి దగ్గర ఈయన కూర్చున్నారు. కట్టె తోయబోయి కనుబొమలు కాల్చుకున్నారు.

మధ్యాహ్నం బావగారు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు. ఎప్పుడూ రారు. "అమ్మాయ్, నువ్వు చెబితే వాడు వింటాడు. బ్యారన్ దిగేదాకా ఉండమను. ఆకంతా పోతుంది" అన్నారు.

"దిగాక?" అన్నాను.

"దిగాక నేను మాట్లాడతాలే."

తండాకి నడిచి వెళ్ళాను. నేనెప్పుడూ వెళ్ళలేదు, ఆడవాళ్ళంతా బయటికొచ్చి చూశారు. దస్రు మంచం వాల్చాడు. బ్యారన్ సంగతి చెప్పాను. ఆకు పోతే ఇల్లు గడవదన్నాను. "నీకేం కాదు, నేనున్నాగా" అన్నాను.

హేమ్లి అడ్డమొచ్చింది. "సోమ్లా కాలు ఇరిగినప్పుడు గూడ నువ్వున్నవ్ గదమ్మా."

నా మొహం మీద కొట్టినట్టయింది. రెండు చీరలిచ్చాను దానికి, జ్వరమొస్తే మాత్రలిచ్చాను.

దస్రు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అమ్మ మాటిచ్చింది హేమ్లీ. భోగ్ తిన్న నిప్పు. గట్ల ఇడిసిపెట్టి పోతే మనకు మంచిగుండది. బ్యారన్ దించి ఇగ మల్ల ఆ గడప తొక్క" అన్నాడు. నా వెనకే వచ్చాడు. కాసేపటికి హేమ్లి కూడా వచ్చింది.

20 ఫిబ్రవరి

బావగారు భోజనాల దగ్గర అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. "చదువుకున్న పిల్ల అంటే అదీ" అన్నారు.

చేతులు కడుక్కుంటూ ఈయనతో అంటుంటే విన్నాను. "ఆఫీసరు ముందు నోరు విప్పినవాణ్ణి ఊరికే వదిలితే రేపు ఊరంతా విప్పుతుంది."

"ఆకు దిగనీ అన్నయ్యా" అన్నారు ఈయన.

నాలుగు తిడతారు కాబోలు. పడాలి మరి, అంత మాట అన్నాక. దస్రుకి చెబుదామా అనుకున్నాను. చెప్పి ఏం లాభం? బెదిరి వెళ్ళిపోతాడు, ఆకు పోతుంది, పిలుచుకొచ్చింది నేనని నన్నంటారు. హేమ్లి ఇవాళ తలకి నూనె రాయలేదు. వసారాలో కూర్చుని బ్యారన్ వైపే చూస్తోంది.

21 ఫిబ్రవరి

బావగారు ధాన్యం కొట్టు తాళం అడిగారు. ఇచ్చాను. కొట్టు ఖాళీగా ఉంది కదా అని తర్వాత గుర్తొచ్చింది.

22 ఫిబ్రవరి

రాయలేను.

23 ఫిబ్రవరి

ఎడమచేత్తో రాస్తున్నాను. ఎండిన ఆకు గొట్టం మీద రాలింది. బ్యారన్ అంటుకుంది. దస్రు లోపలున్నాడు.

24 ఫిబ్రవరి

ఎండిన ఆకు గొట్టం మీద రాలింది.

25 ఫిబ్రవరి

ఇవాళ కుడిచేత్తో మెల్లిగా రాయగలుగుతున్నాను. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. నేనేం చేశానో నాకైనా తెలియాలి.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి, అత్తయ్య పడుకున్నారు. బావగారూ ఈయనా బ్యారన్ వైపు వెళ్ళారు. నేనూ హేమ్లీ వసారాలో చింతపండు గింజ తీస్తున్నాం. చప్పుడు వినిపించింది. దస్రు బ్యారన్ లోపల కర్రలు సర్దుతున్నాడనుకున్నాను. హేమ్లి లేచి నిలబడింది. మళ్ళీ చప్పుడు, దాంతోపాటు దస్రు గొంతు, వాళ్ళ భాషలో. హేమ్లి పరుగెత్తింది. దాని వెనక నేను.

ఆకు చూడటానికి వాడు లోపలికి వెళ్తే బయట ధాన్యం కొట్టు తాళం వేశారు. బావగారు తలుపు ముందు మొద్దు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఈయన పొయ్యిలోకి కట్టెలు తోస్తున్నారు. "కాసేపు ఉడకనీ. ఆఫీసరుతో మాట్లాడిన నోరు ఎండనీ" అన్నారు బావగారు. హేమ్లి ఆయన కాళ్ళ మీద పడింది. కాలితో తోసేశారు. లేచి మళ్ళీ పడింది. నోటి మీద తన్నారు.

లోపల దస్రు తలుపుని భుజంతో గుద్దుతున్నాడు. గుద్దిన ప్రతిసారీ బ్యారనంతా అదిరింది. ఆ అదురుకే రాలి ఉంటుంది ఆకు. పైన పెంకుల సందుల్లోంచి తెల్లటి పొగ వచ్చింది, ముందు మంచి వాసనే వేసింది. అంతలో లోపల భగ్గుమంది.

"ఆకు పోతోందిరా, తెరువు!" అని అరిచారు బావగారు. ఆకు అన్నారు. దస్రు పేరు అనలేదు. ఈయన తాళంచెవి పట్టుకుని వెళ్ళారు. ఇనుము అప్పటికే కాలిపోతోంది. చెయ్యి చురుక్కుమని తాళంచెవి వదిలేశారు, అది పొయ్యి ముందు బూడిదలో పడింది. ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. హేమ్లి వెళ్ళి గొళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుంది. పట్టుకుని లాగుతూనే ఉంది. అరచేతుల చర్మం గొళ్ళేనికి అంటుకుపోవడం నేను చూశాను.

నేను వెనక నుంచి దాని నడుం పట్టుకుని లాగాను. "వదులమ్మా! నీ కాళ్ళు మొక్కుత, వదులు!" అంది. వదల్లేదు. వదిలితే అది కూడా చచ్చిపోయేది. నా చెయ్యి కరిచింది, ఎముక తగిలేదాకా. అప్పుడూ వదల్లేదు. లోపల వాడు అరుస్తున్నాడు. "అమ్మా" అంటున్నాడు. వాళ్ళమ్మని పిలుస్తున్నాడనుకున్నాను. వాళ్ళ భాషలో అమ్మని యాడి అంటారు.

కప్పు కూలింది. చప్పుడు ఆగింది. అప్పుడు వదిలాను.

ఒక ప్రాణం కాపాడాను నేను. ఇది ఎవరూ అనరు. నేనే రాసుకోవాలి.

26 ఫిబ్రవరి

ఆఫీసరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. తండా అంతా గొడ్డళ్ళతో దూరంగా నిలబడింది. సోమ్లా కర్ర ఊతంతో అందరికంటే ముందు ఉన్నాడు. ఒకడు రాయి విసిరితే ఈయన తల పగిలింది. కానిస్టేబుల్ లాఠీతో వాడి నోరు పగలగొట్టాడు. పన్ను మా గుమ్మంలో పడింది.

ఆ టైముకి ఇంటిల్లిపాదీ పడుకుని ఉన్నామనీ, పొగ చూసి లేచేసరికి అంతా అయిపోయిందనీ బావగారు చెప్పారు. ఆకు రాలి గొట్టం మీద పడిందన్నారు. తాళం ఎక్కడుందో నాకు తెలియదు. బూడిదలో పోలీసులకి దొరకలేదు.

హేమ్లిని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని తెచ్చారు. చేతులకి ఆకులు చుట్టారు. అది ఏడవలేదు.

"తాళమేసిండ్రు సార్. ఈళ్ళెవ్వరు పండుకోలే. ముగ్గురు ఆడ్నే ఉన్నరు. మా ఆయన గీ అమ్మ మాట మీద ఉండిండు. నన్ను గుంజి పట్టుకున్నది గూడ గీ అమ్మనే. నేను కరిచిన. అబద్ధమంటే కట్టు ఇప్పుండ్రి, నా పండ్లు పెట్టి సూడుండ్రి."

అందరూ నా చెయ్యి చూశారు. బావగారు చూశారు. ఈయన నెత్తుటి గుడ్డ తలకి అదుముకుని చూశారు.

"చేతికేమైందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"కుక్క కరిచింది" అన్నాను. అనాలనుకోలేదు. వచ్చేసింది.

"ఏ కుక్క?"

"మాదే సార్. పిచ్చెక్కినట్టుంది" అన్నారు బావగారు.

ఆఫీసరు ఒక అడుగు ముందుకేశాడు. కట్టు విప్పమంటాడేమో అనుకున్నాను. విప్పమంటే విప్పేదాన్నే. కానీ అనలేదు. "పిచ్చికుక్క అయితే సూదులు తప్పవు. భద్రాచలం ఆసుపత్రికి నేనే రాసిస్తాను. రోజూ వెళ్ళాలి. మానేస్తే నాకు తెలుస్తుంది" అన్నాడు.

27 ఫిబ్రవరి

బావగారు కుక్కని చంపారు. పిచ్చికుక్క బతికుంటే ఎవరైనా అడుగుతారు కదా. గొడ్డలి చూసి కూడా తోక ఊపుకుంటూ దగ్గరికొచ్చింది. మొదటి దెబ్బకి చావలేదు. నడుం విరిగి నా వైపు పాకింది. నేను పెళ్ళయి వచ్చిన రోజు అరిచింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా నన్ను చూసి అరవలేదు. రోజంతా ఏడ్చాను. ఇన్ని రోజులుగా రాని ఏడుపు.

28 ఫిబ్రవరి

మొదటి సూది. బొడ్డు పక్కన పొడుస్తారు. గోనెసంచులు కుట్టే సూదంత లావుంది.

29 ఫిబ్రవరి

చెయ్యి కుక్క కరిచింది.

2 మార్చి

పొట్ట అంతా గట్టిపడి గడ్డలు కట్టింది. పక్కకి తిరగలేను. ఇంకా చాలా సూదులున్నాయట. ఈయన నాతో ఆసుపత్రికి రావడం లేదు, బస్సెక్కించి వెళ్ళిపోతున్నారు. అత్తయ్య ఇవాళ నా తలకి నూనె రాశారు. ఆవిడకి చాతకాదు.

మూడో బ్యారన్‌కి ఆకు కోతకొచ్చింది. తండా నుంచి ఒక్కరూ రావడం లేదు. మా వైపు నుంచి కూలీల్ని తెద్దామని బావగారు కబురు పెడితే రోజు కూలి, బస్సు ఛార్జీలు, రెండు పూటలా భోజనం అడిగారట. ఆయన తిట్టిన తిట్లు గోదావరి అవతల దుమ్ముగూడెం దాకా వినిపించి ఉంటాయి.

4 మార్చి

ఆసుపత్రిలో హేమ్లి ఉంది. గోడవారన బల్ల మీద, పక్కన సోమ్లా. చేతులకి కట్లు మార్చడానికి తెచ్చాడు. పాత గుడ్డ తీస్తుంటే చూశాను. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కాంపౌండరు వాటిని కత్తెరతో విడదీస్తున్నాడు. అది పళ్ళు కరుచుకుని కూర్చుంది. నేను స్తంభం చాటుకి వెళ్ళాను. అది అప్పటికే నన్ను చూసింది.

నా పేరు పిలిచారు. బల్ల మీద పడుకున్నాను. మధ్యలో తెర కూడా లేదు. కాంపౌండరు దాని దగ్గర నుంచి చేతులు కడుక్కుని వచ్చి, సూదిలోకి మందు ఎక్కించాడు. నిన్న పొడిచిన చోటు పక్కన వేలితో నొక్కి చూస్తుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"ఎన్నిమాట్ల పొడిపిచ్చుకుంటవమ్మా?" అంది హేమ్లి. కోపంగా అనలేదు. తలకి నూనె రాస్తూ మాట్లాడేదే, ఆ గొంతే. "ఒక్క మాట జెప్తే అయిపోతది గదా."

కాంపౌండరు చెయ్యి ఆగింది. దాని వైపు చూశాడు, నా కట్టు వైపు చూశాడు. "ఏం మాటమ్మా?" అన్నాడు.

నన్ను అడిగినవాళ్ళలో, బావగారు ఎదురుగా లేకుండా అడిగింది అతనొక్కడే. ఈయన లేరు, అత్తయ్య లేరు. హేమ్లి నా నోటి వైపే చూస్తోంది. సోమ్లా కూడా.

"ఏం లేదు. త్వరగా పొడవండి, బస్సు టైమైంది" అన్నాను.